సౌండ్ రాని శనివారాలు

"డబ్బా తయారైంది. లైటు వెలుగుతున్నది. సౌండ్ వస్తలేదు" అని విఠల్ వాట్సాప్ గ్రూపులో రాశాడు. గోదాములో భోజన విరామం అప్పుడు. కింద బోర్డు ఫొటో పెట్టాడు.

ఆ గ్రూపు పేరు 'పాపటో ఫ్లాట్'. చదువుకునే రోజుల్లో న్యూజీలాండ్‌లో, ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు అందులో ఉన్నారు. కొందరు బ్రిస్బేన్ వెళ్ళారు, ఒకరు వెల్లింగ్టన్ వెళ్ళారు. ఆక్లండ్‌లో మిగిలింది విఠల్, లోకేశ్, గిరిధర్. గ్రూపులో పుట్టినరోజులకు కేకు బొమ్మలు, పండగలకు దీపం బొమ్మలు వస్తాయి. విఠల్ టకానినిలో ఇల్లు కొన్నప్పుడు అందరూ అభినందించారు. గృహప్రవేశానికి గిరిధర్ ఒక్కడూ వచ్చి, ఇంకోచోటికి వెళ్ళాలని చెప్పి, ప్రసాదం తీసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత విఠల్ గ్రూపులో చాలాసార్లు రాశాడు. ఆదివారం మటన్ వండుతున్నా, రండి. టీవీ కొన్నా, మ్యాచ్ చూద్దాం, రండి. జవాబుగా బొటనవేలు బొమ్మలు వచ్చేవి. "తప్పకుండా అన్నా, ఈ వీకెండ్ కాదు" అని ఎవరో ఒకరు రాసేవారు.

సౌండ్ రావడం లేదన్న కబురుకు లోకేశ్ వెంటనే జవాబిచ్చాడు.

"వాల్యూమ్ చూశావా అన్నా?"

"చూసిన."

"డ్రైవర్?"

"వేసిన."

"మ్యూట్‌లో ఉందేమో."

"లేదు తమ్మీ. అన్నీ చూసిన."

"శనివారం వస్తా. అప్పటిదాకా ముట్టుకోకు."

విఠల్ జవాబు రాయకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు. భోజనం డబ్బా మూత పెట్టి లేచాడు. తర్వాత కూర్చుని, మళ్ళీ ఫోను తీసి, "ఏం వండాలె?" అని రాశాడు.

విఠల్ వయసు నలభైకి దగ్గర. విమానాశ్రయం దగ్గర ఒక గోదాములో షిఫ్టు సూపర్‌వైజరు. పెళ్ళి సంబంధాలు కొంతకాలం వచ్చాయి. రెసిడెన్సీ వచ్చేదాకా ఆగుదామని అతను ఆగాడు. రెసిడెన్సీ వచ్చేసరికి సంబంధాలు రావడం మానేశాయి. ఇల్లు కొనమని అందరూ చెప్పారు, కొన్నాడు. మూడు పడకగదుల్లో ఒకదానిలో మంచం ఉంది, ఒకదానిలో సూట్‌కేసులు ఉన్నాయి, మూడోది ఖాళీ. ముందుగదిలో టీవీ, బల్ల, రెండు కుర్చీలు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చాక మాట్లాడే అవసరం ఉండదు. సోమవారం పనికి వెళ్ళి మొదటి మాట మాట్లాడేటప్పుడు గొంతు సవరించుకోవాల్సి వస్తుందని అతను గమనించాడు.

చేతికి పని ఉండాలని డాక్ అనే ఈ డబ్బా మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను స్పీకరు పలకగల కరెంటుగా మార్చే బోర్డును డాక్ అంటారు. దుకాణంలో దొరుకుతుంది. విఠల్ విడిభాగాలు పోస్టులో తెప్పించుకుని తనే టంకం పెట్టాడు. టంకం పని అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. తండ్రి వీరేశానికి జగిత్యాలలో రేడియో రిపేరు దుకాణం ఉండేది. రిపేరు అయిన సెట్టుకు పసుపు కుంకుమ బొట్టు పెట్టనిదే వీరేశం కరెంటు ఇచ్చేవాడు కాదు. విఠల్ కూడా పాపటోయిటోయిలో కొన్న కుంకుమను నీళ్ళతో తడిపి, బోర్డుకు బొట్టు పెట్టి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాడు. లైటు వెలిగింది. కంప్యూటర్ కొత్త పరికరాన్ని గుర్తుపట్టింది. పాట పెడితే తెర మీద గీతలు పైకీ కిందికీ కదిలాయి. స్పీకర్లు పలకలేదు.

లోకేశ్ చెప్పినట్టే శనివారం వచ్చాడు. కారు భార్యకు కావాలని తన ఇంటి దగ్గర న్యూ లిన్‌లో రైలెక్కి, బ్రిటోమార్ట్‌లో మారి, టకానినిలో దిగాడు. విఠల్ స్టేషన్ బయట కారులో ఉన్నాడు. రైలు టైముకు చాలా ముందే వచ్చాడు.

"ఏంటన్నా, బొత్తిగా సన్నబడ్డావ్?" అన్నాడు లోకేశ్ కారెక్కుతూ.

"నువ్వు నా వంతు కూడ తింటున్నవ్ గద."

"శ్రీజ వంట. నా తప్పేం లేదు."

ఇంట్లోకి వచ్చాక లోకేశ్ గదులన్నీ తిరిగి చూశాడు. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. ఖాళీ గదిలో నిలబడి, "ఇక్కడ క్రికెట్ ఆడొచ్చు" అన్నాడు. విఠల్ చాయ్ తెచ్చాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు.

లోకేశ్ బోర్డును కిటికీ వైపు ఎత్తి చూశాడు. "నగలకు పెట్టినట్టు పెట్టావ్ టంకం."

"వంకర పెడితే మా నాయిన చేతి మీద కొట్టెటోడు."

"సరే, ఎక్కడ మొదలుపెడదాం? నాకు సాఫ్ట్‌వేర్ తప్ప ఏం తెలీదు. ముందే చెప్తున్నా."

"స్పీకర్ దిక్కు నుంచి మొదలుపెట్టి ఎనక్కి పోవాలె. మా నాయిన పద్ధతి."

ఆ పద్ధతికి మీటరు కూడా అక్కర్లేదు. శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ లోపలికి వచ్చే తీగ కొసను వేలితో తాకాలి. ఒంట్లో ఉండే కొద్దిపాటి కరెంటు స్పీకర్లో గుర్రుమంటుంది. గుర్రుమంటే అక్కడి నుంచి స్పీకరు దాకా అంతా బాగున్నట్టు. అప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగి మళ్ళీ తాకాలి. చప్పుడు ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడ ఉన్నట్టు.

విఠల్ తాకాడు. స్పీకరు గుర్రుమంది.

"షాక్ కొట్టదా?"

"కొట్టదు. ముట్టుకో."

లోకేశ్ ముట్టుకున్నాడు. స్పీకరు గుర్రుమంది. వేలు తీశాడు, ఆగింది. మళ్ళీ పెట్టాడు. తాళం వేస్తున్నట్టు పెట్టి తీశాడు. "చిన్నప్పుడు మా అమ్మ వీణ నేర్చుకోమంటే ఏడ్చాను. ఇదైతే నేర్చుకునేవాణ్ణి."

డాక్ బయటికి వచ్చే కొస దగ్గర కూడా చప్పుడు వచ్చింది. ఇంకా లోపలికి, చిప్పు దాకా వెళ్ళారు. చిప్పుకు ఇటువైపు చప్పుడు ఉంది. అటువైపు లేదు.

"దొరికింది కదా!" అన్నాడు లోకేశ్.

"లేదు. అటు దిక్కు అంకెలు. వేలు పెడితే అంకెలు పలుకుతయా? మా నాయిన పద్ధతి ఈడిదాకనే."

"అయితే ఇక్కడి నుంచి నా డ్యూటీ."

లోకేశ్ లాప్‌టాప్ తెరిచాడు. సాయంత్రం దాకా సెట్టింగులు మార్చాడు. మధ్యలో అన్నం తిన్నారు. ఫ్లాట్ రోజుల్లో గిరిధర్ ఇరవై మందికి పప్పు వండబోయి పొగ అలారం మోగించిన సంగతి, ఫైరింజను వస్తే అందరూ పాస్‌పోర్టులు చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ సంగతి చెప్పుకున్నారు. ఇద్దరికీ తెలిసిన కథే. ఇద్దరూ నవ్వారు. స్టేషన్ దగ్గర దిగుతూ లోకేశ్ అన్నాడు: "వచ్చే శనివారం మళ్ళీ వస్తా. ఇది నా వల్ల కాకపోతే నాకు నిద్ర పట్టదు."

"ఇంట్ల పని ఏం లేదు గద?"

"నాకేం పని?"

రెండో శనివారం లోకేశ్ వేరే లాప్‌టాప్ తెచ్చాడు. తీగలు మార్చారు. విఠల్ మీటరుతో కరెంటు కొలిచాడు, ఉండాల్సిన చోటల్లా ఉంది. బోర్డును ఫొటోలు తీసి, సొంతంగా ఇలాంటివి కట్టుకునేవాళ్ళు రాసుకునే ఒక ఇంగ్లీషు వెబ్‌సైట్లో పెట్టారు. లోకేశ్ ప్రశ్న టైపు చేశాడు, విఠల్ తప్పులు దిద్దాడు.

"మీ తెలంగాణవాళ్ళు ఇంగ్లీషు కూడా మాకు నేర్పుతున్నారా ఇప్పుడు?"

"రాష్ట్రం ఇచ్చిన్రు గద. గురుదక్షిణ అనుకో."

ఆ మంగళవారం విఠల్‌కు సెలవు. వెబ్‌సైట్ తెరిస్తే ఒక జవాబు ఉంది. రాసినాయన దక్షిణ దీవిలోని టిమారూ వాడు. రెండే వాక్యాలు రాశాడు. క్రిస్టల్ కాళ్ళ మధ్య ఆ ఎర్రటిది ఏమిటి? స్పిరిట్‌తో కడిగి చూడు.

విఠల్‌కు మొదట అర్థం కాలేదు. బోర్డు మీద ఎర్రటిది ఏదీ తను పెట్టలేదు. లైటు ఆకుపచ్చది. తీగలు నల్లవి, తెల్లవి. ఫొటోను పెద్దది చేసి చూశాడు. అప్పుడు కనిపించింది. అతను పెట్టిన బొట్టు.

క్రిస్టల్ అంటే డాక్‌కు గడియారం. అది సెకనుకు కోటిసార్లకు పైగా కొట్టుకుంటుంది, చిప్పు ఆ లెక్కన అంకెలను చదువుతుంది. అది ఆగితే చిప్పు నోరు తెరవదు. వీరేశం కాలంలో విడిభాగాలు వేలికొస కన్నా పెద్దవి. బొట్టు ఇనుప పెట్టె మీద పడేది, దాని వల్ల ఏమీ అయ్యేది కాదు. ఈ బోర్డులో వేలికొస ఆనిన చోట క్రిస్టల్, దాని రెండు కాళ్ళు, వాటి పక్కన ఉన్నవి కూడా మునిగిపోయాయి. జూన్ నెల, ఇక్కడ చలికాలం. పొద్దున కిటికీ అద్దాలకు లోపలివైపు నీళ్ళు పడుతున్నాయి. కుంకుమ ఆ తడిని పీల్చుకుంది. రెండు కాళ్ళ మధ్య కరెంటుకు దారి దొరికింది.

విఠల్, లోకేశ్ ఇద్దరూ రెండు శనివారాలు ఆ బోర్డును చూశారు. కొత్త స్కూటరుకు, ఫ్రిజ్జుకు, గుమ్మానికి బొట్టు చూసిన కళ్ళు అవి. బొట్టును ఒక పదార్థంగా ఇద్దరూ చూడలేదు. టిమారూ ఆయనకు మాత్రం ముందు అదే కనిపించింది.

అది నిజమేనా అని విఠల్‌కు అనుమానం వచ్చింది. కడగకుండా చూడాలనుకున్నాడు. ఫ్యాన్ హీటరు తెచ్చి బల్ల మీద పెట్టి బోర్డు వైపు తిప్పాడు. పాట పెట్టి కూర్చున్నాడు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత స్పీకర్లో ఒకసారి చిటుక్కుమంది. పాట మధ్యలోంచి వచ్చింది. గ్రామఫోను కాలం నాటి పాట అది. గొంతు వెనక సూది గీరుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది.

విఠల్ ఆ పాట మొత్తం విన్నాడు. లోకేశ్‌కు చెబుదామని ఫోను తీశాడు. "వచ్చింది" అని టైపు చేశాడు.

లోకేశ్ జవాబు ఏం రాస్తాడో అతనికి తెలుసు. సూపర్ అన్నా అని రాస్తాడు. బొటనవేలు బొమ్మ పెడతాడు. తర్వాత కేకు బొమ్మలు, దీపం బొమ్మలు.

టైపు చేసింది చెరిపేశాడు. హీటరు కట్టేశాడు. గది చల్లబడ్డాక పాట ముక్కలు ముక్కలై ఆగిపోయింది. వెబ్‌సైట్లో టిమారూ ఆయనకు ధన్యవాదాలు రాసి, ప్రశ్నను తొలగించాడు.

ఆ తర్వాతి శనివారం లోకేశ్ వెబ్‌సైట్ సంగతి అడిగాడు. "ఎవ్వరు రాయలే" అన్నాడు విఠల్. లోకేశ్ చిప్పు కాళ్ళ టంకం మళ్ళీ పెట్టాలన్నాడు. విఠల్ ఆ పని అతని చేతే చేయించాడు. ఎలా పట్టుకోవాలో, పొగ ఎటు పోతుందో, ఎప్పుడు చెయ్యి తియ్యాలో చెప్పాడు. లోకేశ్ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని పని చేశాడు. బొట్టు దగ్గరికి వచ్చినప్పుడు విఠల్, "అది బాగనే ఉన్నది, ఇడిసిపెట్టు" అన్నాడు.

"అన్నా, నిజం చెప్పనా?" అన్నాడు లోకేశ్. "నాకిది రావట్లేదని చిరాగ్గా ఉంది గానీ, ఇక్కడ కూర్చుంటే బావుంది. మా ఇంట్లో నేను స్క్రూ డ్రైవరు పట్టుకుంటే శ్రీజ ప్లంబరుకి ఫోన్ చేస్తుంది."

"తెలివిగల్లది."

"నువ్వు కూడా దాని పార్టీయేనా?"

విఠల్ శుక్రవారాలు పప్పుకూ మాంసానికీ దుకాణాలు తిరగసాగాడు. మూడో కుర్చీ కొన్నాడు, లాప్‌టాప్ పెట్టుకోవడానికి. లోకేశ్ రావడం అలవాటైంది. ప్రతిసారీ కొత్త అనుమానంతో వచ్చేవాడు. ప్రతిసారీ విఠల్ ఆ అనుమానం వెంట చివరిదాకా నడిచేవాడు. సాయంత్రం లోకేశ్‌ను రైలెక్కించి వచ్చాక, అప్పుడప్పుడు హీటరు పెట్టి ఒక పాట వినేవాడు.

జూలైలో ఒక గురువారం సాయంత్రం ఫోను మోగింది. లోకేశ్ భార్య శ్రీజ.

"అన్నయ్యా, డిస్టర్బ్ చేశానా?"

"లేదమ్మా, చెప్పు. అంత మంచిదేనా?"

"అంతా బావున్నాం. మీ బాక్స్ ఎంతవరకు వచ్చింది?"

"ఇంక కాలే."

"ఎప్పటికవుతుంది అన్నయ్యా?"

శ్రీజ అటువైపు తలుపు మూసిన చప్పుడు అయింది.

"ఏం లేదు. సిరికి శనివారాలు స్విమ్మింగ్ క్లాసు. ఎప్పుడూ వాళ్ళ డాడీయే తీసుకెళ్ళేవాడు. నాకు నీళ్ళంటే భయం, నేను దిగను. పోయిన శనివారం దానికి లెవెల్ మారింది. తల నీళ్ళలో పెట్టి అటు గట్టు దాకా వెళ్ళింది. పైకి లేచి డాడీ ఎక్కడా అని చూసింది." ఆగి మళ్ళీ అంది. "మిమ్మల్ని అనట్లేదు అన్నయ్యా. మీ ఇంటి నుంచి వచ్చినరోజు ఆయన హుషారుగా ఉంటాడు, నాకు తెలుసు. ఎప్పటికవుతుందో చెప్తే దానికి చెప్తాను. రోజూ అడుగుతోంది."

వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. "మమ్మీ, ఈజ్ ఇట్ ద బాక్స్ అంకుల్?"

"స్విమ్మింగ్ సంగతి నాకు చెప్పలేదమ్మా వాడు" అన్నాడు విఠల్.

"చెప్పడు. మీరు ఒక్కరే ఉంటారని."

"ఈ శనివారం అయిపోతదమ్మా. పాపకు చెప్పు."

శుక్రవారం విఠల్ రెండు పనుల్లో ఒకటి చేయగలడు. బోర్డు కడిగి, అయిపోయింది, రావద్దని లోకేశ్‌కు చెప్పవచ్చు. చెప్పకుండా ఉండవచ్చు. దుకాణంలో స్పిరిట్ సీసా, మెత్తటి బ్రష్షు కొన్నాడు. మాంసం కూడా కొన్నాడు. లోకేశ్‌కు ఫోను చేయలేదు.

శనివారం వాన. పట్టాల మరమ్మతు ఉందని రైళ్ళు ఆపి బస్సులు వేశారు. లోకేశ్ ఆలస్యంగా వచ్చాడు. వీపు సంచిలోంచి చొక్కాలో చుట్టిన యంత్రం తీశాడు.

"స్కోపు! మా ఆఫీసులో కెవిన్‌ని బతిమాలి తెచ్చా. కరెంటు ఎలా కొట్టుకుంటోందో తెర మీద గీసి చూపిస్తుంది. ఈ రోజు తేలిపోవాలన్నా. నువ్వో నేనో."

బోర్డుకు కరెంటు ఇచ్చారు. లోకేశ్ స్కోపు సూదిని ఒక్కో చోట ఆనించాడు. కంప్యూటర్ నుంచి అంకెలు వస్తున్న చోట తెర మీద గీత మెట్లు మెట్లుగా లేచింది. లోకేశ్ ఈల వేశాడు. తర్వాత క్రిస్టల్ దగ్గర ఆనించాడు. గీత తెర ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా ఉంది.

"క్లాక్ లేదు!" లోకేశ్ లేచి నిలబడ్డాడు. "అన్నా, చూడు, క్లాకే లేదు! ఇన్నాళ్ళూ మనం ఎక్కడెక్కడో... క్రిస్టల్ పోయిందన్నా! కొత్తది తెప్పిద్దాం. చైనా నుంచి కదా, మూడు వారాలు పట్టొచ్చు. ఈలోపు నేను వచ్చి పాతది ఊడదీస్తా, నాకు టంకం వచ్చేసింది కదా."

విఠల్ తెర వైపు చూశాడు. అవునని అంటే సరిపోతుంది.

"క్రిస్టల్ బాగనే ఉన్నది" అన్నాడు.

బల్ల సొరుగు లాగి స్పిరిట్ సీసా, బ్రష్షు, కాస్త దూది తీశాడు. ప్లగ్గు పీకి, బ్రష్షును ముంచి, బొట్టు మీద రుద్దాడు. ఎర్రటి నీళ్ళు దూదిలోకి దిగాయి. ఇంకోసారి రుద్ది, ఆరేదాకా ఆగాడు. ప్లగ్గు పెట్టి, "ఇప్పుడు ఆనించు" అన్నాడు.

లోకేశ్ ఆనించాడు. గీత అలలై లేచింది. సూది తీశాడు. పాట వచ్చింది.

లోకేశ్ స్పీకర్ల వైపు చూడలేదు. దూదిని వేళ్ళతో పట్టుకుని వాసన చూశాడు. "బొట్టా?" అన్నాడు. "బొట్టా అన్నా!" నవ్వడం మొదలుపెట్టి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ప్రతివారం చూశాను కదా దాన్ని! మా ఆఫీసు లాప్‌టాప్‌కి కూడా ఉంది, మా అమ్మ పెట్టింది. దేవుడు ఆడనివ్వకపోతే ఎవడాడిస్తాడు!"

విఠల్ నవ్వలేదు. లోకేశ్ నవ్వు కొంతసేపటికి తగ్గింది. అతని చూపు స్పిరిట్ సీసా మీద ఆగింది.

"ఇది ముందే కొని పెట్టుకున్నావా?"

"నిన్న కొన్న."

"అంటే బొట్టు సంగతి నిన్నే తెలుసా?"

"అంతకు ముందే."

"ఎంత ముందు?"

"నువ్వు రెండోసారి వచ్చిపోయినంక."

పాట నడుస్తోంది. లోకేశ్ లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు ముడిచాడు, మధ్యలో ఆపాడు.

"నా కూతురు మొదటిసారి తల నీళ్ళలో పెట్టి ఈదింది. నేను చూళ్ళేదు. ఇక్కడ చిప్పు కాళ్ళు లెక్కపెడుతున్నా."

"నువ్వు చెప్పలే తమ్మీ. మొన్న శ్రీజ చెప్పింది."

"మొన్న చెప్తే ఈ రోజు ఎందుకు రానిచ్చావ్?"

విఠల్ దూదిని మడిచి బల్ల అంచున పెట్టాడు. "మాంసం తెచ్చిన" అన్నాడు.

"ఇదంతా ఎందుకన్నా? ఊరికే రమ్మంటే వచ్చేవాణ్ణి కదా."

"వచ్చెటోనివా?"

పాట చరణంలోకి వెళ్ళింది. లోకేశ్ స్కోపు తీగ చుట్టడం మొదలుపెట్టాడు, చుట్ట సరిగా రాక విప్పి మళ్ళీ చుట్టాడు.

అన్నం తిన్నారు. మాంసం బాగుందని లోకేశ్ చెప్పాడు. స్పీకర్లు గట్టిగానే పలుకుతున్నాయని చెప్పాడు. పాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే ఇద్దరూ పళ్ళెంలోకి చూస్తూ తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక లోకేశ్ ఇప్పుడు బయలుదేరితే సిరి మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఇంట్లో ఉంటానన్నాడు.

స్టేషన్ ముందు బస్సు ఆగి ఉంది. వాన తగ్గింది. లోకేశ్ సంచి భుజానికి వేసుకుని దిగి, కారు కిటికీ దగ్గరకు వంగాడు.

"నువ్వు మా ఇంటికి ఒక్కసారీ రాలేదన్నా. న్యూ లిన్ ఏమన్నా విదేశమా?"

"పిలవని పేరంటానికి ఎట్ల వస్త?"

"మన మధ్య పిలుపులేంటి?"

"అయితే నేను మిమ్ముల పిలుసుకుంట ఎందుకు కూసున్న?"

డ్రైవరు హారన్ కొట్టాడు. లోకేశ్ బస్సు వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "శ్రీజతో మాట్లాడి చెప్తా. పిలుస్తా అన్నా" అన్నాడు. బస్సు ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరకలేదు, నిలబడ్డాడు. విఠల్ వైపు చెయ్యి ఎత్తాడో, పైనున్న కడ్డీ పట్టుకున్నాడో విఠల్‌కు తెలియలేదు.

ఇంటి ముందు కారు ఆపి దిగేసరికి పాట వినిపించింది. డాక్‌ను ఆపడం ఇద్దరూ మరిచిపోయారు. తలుపు వేసి ఉంది, కిటికీలు వేసి ఉన్నాయి, పాట బయటికి వస్తోంది. పక్కింటి సమోవా ఆవిడ చెత్త డబ్బాను లోపలికి లాక్కుంటూ ఆగింది. మీ ఇంటికి చుట్టాలు వచ్చినట్టున్నారే అంది ఇంగ్లీషులో.

"వచ్చారు. ఇప్పుడే వెళ్ళారు" అన్నాడు విఠల్.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళింది. విఠల్ తాళంచెవి తీశాడు. పాట అయిపోయేదాకా గుమ్మం బయట నిలబడ్డాడు. తర్వాత తలుపు తీసి, లోపలికి వెళ్ళి, బల్ల మీద ఉన్న రెండు పళ్ళేలూ తీసుకుని కడగడానికి వెళ్ళాడు.